అమెరికాలో క్రెడిట్ కార్డ్ అప్పు మాఫీ అయ్యాక స్టేట్ ట్యాక్స్ లెక్క ఎలా తేల్చుకోవాలి

కార్డు మీద 14,000 డాలర్లు పేరుకుపోయింది, ఉద్యోగం పోయింది, బ్యాంకు వాళ్లతో నెలల తరబడి మాట్లాడి మాట్లాడి చివరికి 5,600 కట్టి సెటిల్ చేస్కున్నారు అనుకోండి. మిగతా 8,400 వదిలేశారు, హమ్మయ్య. తర్వాతి ఏడాది మొదట్లో పోస్టులో ఒక కాగితం వస్తుంది, దాని పేరు 1099-సి, అందులో ఆ 8,400 మీ ఆదాయం అన్నట్టు రాసుంటది. చేతికి ఒక్క డాలర్ రాలేదు, ఇదేం ఆదాయం అని అందరూ అడుగుతారు గానీ ఆ వాదన 1931 లోనే అయిపోయింది, కిర్బీ లంబర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు తీర్చి కట్టాల్సిన అప్పు తగ్గితే ఆ మేరకు నీ ఆస్తి బయటపడినట్టే కాబట్టి అది ఆదాయమే అని తేల్చేసింది. ఇప్పుడు మనం కూర్చుని దానితో గొడవ పెట్టుకుని లాభం లేదు.

దీని మీద ఫెడరల్ ట్యాక్స్ గురించి ఎవరో ఒకరు చెప్తారు, స్టేట్ ట్యాక్స్ సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు, నోటీసు వచ్చాక గుర్తొస్తుంది. నిజానికి ఇది పెద్ద బ్రహ్మవిద్య కాదు. స్టేట్ లెక్క చాలా వరకు రెండు విషయాల మీదే తేలిపోతుంది, ఒకటి ఫెడరల్ రిటర్న్‌లో మీరు ఫామ్ 982 (మాఫీ అయిన అప్పుని ఆదాయంలో కలపక్కర్లేదని చెప్పుకునే కాగితం) సరిగ్గా వేశారా లేదా, రెండోది అప్పు మాఫీ అయిన రోజున మీరు ఏ స్టేట్‌లో కాపురం ఉన్నారు. కాబట్టి స్టేట్ ఫామ్ ముందేసుకుని కూర్చోకండి, అది చివర్లో చేసే పని.

ఇది మామూలుగా ఫామ్ 1040, అంటే ఏటా వేసే ఫెడరల్ ట్యాక్స్ రిటర్న్, వేసేవాళ్ల కోసం, సొంత ఖర్చులకి వాడిన కార్డుల గురించి. స్టూడెంట్ వీసా మీద ఉండి 1040-ఎన్ఆర్ (నాన్‌రెసిడెంట్ల రిటర్న్) వేసేవాళ్ల లెక్కలు వేరు, వ్యాపారానికి వాడిన కార్డు అయితే అదీ వేరే కథ, వాళ్లు సీపీఏ (లైసెన్సు ఉన్న అకౌంటెంట్) దగ్గర కూర్చోండి.

మొదట ఆ కాగితం చదవండి

1099-సి లో చిన్న చిన్న గళ్లు ఉంటాయి. 1వ గడిలో తేదీ, 2వ గడిలో మాఫీ చేసిన మొత్తం, 3వ గడిలో అందులో వడ్డీ ఎంత కలిసుంది అనేది. 5వ గడిలో టిక్ ఉంటే ఆ అప్పుకి మీరే స్వయంగా బాధ్యులు అని, క్రెడిట్ కార్డుకి సాధారణంగా ఉంటుంది. 6వ గడిలో ఒక అక్షరం ఉంటుంది, మాట్లాడుకుని సెటిల్ చేస్కుంటే "ఎఫ్", వసూలు చేయడం ఇక దండగ అని బ్యాంకే మానేస్తే "జి", దివాలా కోర్టు ద్వారా అయితే "ఎ".

వీటిలో 1వ గడి తేదీని ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టుకోండి. ముందు ముందు ప్రతి అడుగులో అదే కావాలి.

600 డాలర్లు లేదా అంతకన్నా ఎక్కువ వదిలేస్తేనే బ్యాంకు ఈ ఫామ్ పంపాలి. 600 లోపు అయితే ఫామ్ రాదు, కానీ ఫామ్ రాలేదు కాబట్టి ఆదాయం కాదు అనుకోకూడదు, చట్టం ప్రకారం అదీ ఆదాయమే. రెండు మూడు బ్యాంకుల కార్డులు సెటిల్ చేస్కుంటే ఒక్కో బ్యాంకు విడిగా ఒక్కో ఫామ్ పంపుతుంది, అన్నీ వచ్చాయో లేదో చూస్కోండి.

ఇక్కడ ఒక పెద్ద గందరగోళం ఉంది, ఛార్జ్ ఆఫ్ అనే మాట. ఆరు నెలలు, అంటే 180 రోజులు కట్టకపోతే బ్యాంకు తన పుస్తకాల్లో ఆ అప్పుని ఛార్జ్ ఆఫ్ అని రాసుకుంటుంది, మీ క్రెడిట్ రిపోర్టులో కూడా అలాగే కనిపిస్తుంది. అది మాఫీ కాదు. అప్పు అలాగే ఉంది, బహుశా ఏదో కలెక్షన్ కంపెనీకి అమ్మేస్తారు, వాళ్లు ఫోన్లు మొదలుపెడతారు. ఛార్జ్ ఆఫ్ అయిన ఏడాది ట్యాక్స్ లెక్కలో రాయాల్సింది ఏమీ లేదు, ఎవరైనా నిజంగా అప్పు వదిలేసిన రోజే లెక్క.

ఇల్లు మారినవాళ్లు, ఇండియా తిరిగి వెళ్లిపోయినవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి, ఫామ్ పాత అడ్రస్‌కి వెళ్లిపోయి ఉంటుంది, మీకు తెలీను కూడా తెలీదు. కానీ ఐఆర్ఎస్‌కి, అంటే ఫెడరల్ ట్యాక్స్ శాఖకి, కాపీ వెళ్తుంది. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో మీ అకౌంట్ తెరిచి ఆ ఏడాది వేజ్ అండ్ ఇన్‌కమ్ ట్రాన్‌స్క్రిప్ట్ తీస్తే మీ సోషల్ సెక్యూరిటీ నంబర్ మీద ఎవరెవరు ఏమేం పంపారో అన్నీ కనిపిస్తాయి, 1099-సి తో సహా.

అంకె నిజమేనా

బ్యాంకు రాసింది వేదం కాదు. సెటిల్‌మెంట్ లెటర్ తీసి పక్కన పెట్టుకుని చూడండి, ఆ రోజు బాకీ ఎంత, మీరు కట్టింది ఎంత, తేడా 2వ గడితో సరిపోతుందా. మీరు చేయని ఖర్చు గురించి ముందునుంచే గొడవ పడుతున్నారు, అందుకే బ్యాంకు తగ్గించింది అనుకోండి, ఆ భాగం నిజమైన అప్పే కాదు కాబట్టి మాఫీ అనే మాటే రాదు, కానీ ఆ గొడవ అప్పట్లోనే రాతలో ఉండాలి, ఇప్పుడు గుర్తు చేసుకుని చెప్తే ఎవరూ వినరు. అంకె తప్పైతే బ్యాంకుకి రాతపూర్వకంగా అడిగి సరిచేసిన ఫామ్ తెప్పించుకోండి. వాళ్లు పట్టించుకోకపోతే మీ ఉత్తరాలన్నీ దాచి, రిటర్న్‌తో పాటు వివరణ జత చేయండి. ఫామ్ తప్పు కదా అని చించి పారేయడం మాత్రం వద్దు, కంప్యూటర్‌కి మీ బాధ తెలీదు, మ్యాచ్ కాకపోతే నోటీసు కొడుతుంది.

3వ గడిలో వడ్డీ కనిపిస్తే అది తీసేయొచ్చు కదా అని కొందరు అడుగుతారు. వ్యాపార కార్డు అయితే ఆ వడ్డీ కట్టినా ఖర్చుగా తగ్గించుకునేవాళ్లం కాబట్టి దానికి మినహాయింపు ఉంది. సొంత కార్డు వడ్డీకి ఎటూ తగ్గింపు లేదు, కాబట్టి ఈ దారి మూసుకుపోయినట్టే.

అసలు పని: మీరు ఆ రోజుకి ఇన్‌సాల్వెంటా?

ఇన్‌సాల్వెంట్ అంటే దివాలా కోర్టుకి వెళ్లాలని కాదు. అప్పు మాఫీ అవడానికి సరిగ్గా ముందు క్షణాన మీ మొత్తం అప్పులు మీ మొత్తం ఆస్తుల కన్నా ఎక్కువ ఉంటే, ఎంత ఎక్కువ ఉన్నాయో అంత మేరకు మాఫీ అయిన అప్పుని ఆదాయంలో కలపక్కర్లేదు. ఈ రూల్ ఫెడరల్ ట్యాక్స్ చట్టం సెక్షన్ 108 లో ఉంది, ఇప్పుడున్న రూపంలో 1980 నుంచీ ఉంది. ఐఆర్ఎస్ పబ్లికేషన్ 4681 లో దీనికి ఒక వర్క్‌షీట్ ఇచ్చారు, ప్రింట్ తీసుకుని పెన్సిల్‌తో నింపండి.

అప్పుల వైపు రాయాల్సినవి: అన్ని కార్డుల బాకీలు, సెటిల్ అయిన కార్డు మాఫీకి ముందున్న పూర్తి బాకీతో సహా, కారు లోను, ఇంటి లోను, హాస్పిటల్ బిల్లులు, కట్టని పాత ట్యాక్సులు, అద్దె బాకీ. మనవాళ్లు చాలామంది మర్చిపోయేది ఇండియా ఎడ్యుకేషన్ లోను. ఎమ్మెస్‌కి వచ్చేటప్పుడు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బ్యాంకులో తీసిన లోను మీ పేరు మీదే ఉంటుంది, నాన్న కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టి ఉంటారు, అది నిక్షేపంగా మీ అప్పు, ఆ రోజు రూపాయి రేటుతో డాలర్లలోకి మార్చి రాయండి. ఫ్రెండ్స్ దగ్గర తీసుకున్న చేబదులు కూడా అప్పే, కాకపోతే నిజంగా తీసుకున్నట్టు జెల్ (ఫోన్‌లో డబ్బు పంపే యాప్) ట్రాన్స్‌ఫరో వాట్సాప్ మెసేజో ఏదో ఒకటి ఉండాలి. చీటీ పాట పాడుకుని డబ్బు తీసేసుకుని ఉంటే ఇంకా కట్టాల్సిన వాయిదాలు అప్పు కిందికి వస్తాయి.

ఆస్తుల వైపు దగ్గరే చేతులు వణుకుతాయి. బ్యాంకులో డబ్బు, కారు ఆ రోజు అమ్మితే వచ్చే ధర, ఇంట్లో సామాను పాత సామాను రేటుకి, ఫోను, లాప్‌టాప్, షేర్లు, క్రిప్టో. 401-కె, ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాలు కూడా పూర్తిగా రాయాలి, వాటిని అప్పులవాళ్లు ముట్టుకోలేరు కదా అని వదిలేయడానికి లేదు, ముట్టుకోలేని ఆస్తుల్ని కూడా కలపాలనే పబ్లికేషన్ చెప్తుంది. వచ్చే నెల జీతం ఆస్తి కాదు, ఇంకా సంపాదించలేదు కాబట్టి.

ఆ తర్వాత ఇండియా. వర్క్‌షీట్‌లో ఎక్కడా ఇండియా అని ఉండదు గానీ ఆస్తి అంటే ప్రపంచంలో ఎక్కడున్నా ఆస్తే. మీ పేరు మీద రిజిస్టర్ అయిన ప్లాటు, పాత ఉద్యోగం తాలూకు పీఎఫ్, ఎల్ఐసీ పాలసీ సరెండర్ విలువ, ఎన్ఆర్ఈ ఎన్ఆర్ఓ ఖాతాలు, లాకర్లో బంగారం, ఇంకా పాడుకోని చీటీలో ఇప్పటిదాకా కట్టిన డబ్బు. ప్లాటుకి గవర్నమెంట్ వాల్యూ రాస్తే తక్కువ పడుతుంది కదా అనే ఆలోచన మనకి పుట్టుకతో వస్తుంది, ఇక్కడ చెల్లదు, రాయాల్సింది మార్కెట్‌లో నిజంగా పలికే ధర. నాన్న పేరు మీద ఉన్న పొలం మాత్రం రేపు మీకే రావొచ్చుగానీ ఈ రోజు మీది కాదు, రాయక్కర్లేదు. అలాగే కార్డు మీ ఒక్కరిదే అయితే లెక్క కూడా మీ ఒక్కరిదే, జాయింట్‌గా ఫైల్ చేసినా భార్యకి పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం మీ ఆస్తుల్లో కలపాల్సిన పని లేదు. కాలిఫోర్నియా, టెక్సస్, వాషింగ్టన్, అరిజోనా లాంటి కమ్యూనిటీ ప్రాపర్టీ స్టేట్లలో పెళ్లయ్యాక సంపాదించింది ఇద్దరిదీ అన్నట్టు చూస్తారు కాబట్టి అక్కడ ఈ విభజన కొంచెం చిక్కు, తెలిసినవాళ్లకి ఒకసారి చూపించండి.

ఇండియా ఆస్తి రాయకపోతే ఎవరికి తెలుస్తుంది అంటారా, 10,000 డాలర్లు దాటిన విదేశీ ఖాతాలకి ఎఫ్‌బార్ ఫైల్ చేస్తున్నారు కదా, అందులో ఒక అంకె, ఇక్కడ ఒక అంకె ఉంటే మీ సంతకమే మీకు ఎదురు తిరుగుతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ఒకతనికి సెటిల్ అయిన కార్డు 14,000, ఇంకో కార్డు 6,500, కారు లోను 12,500, ఇండియా ఎడ్యుకేషన్ లోను 15,000, మొత్తం అప్పులు 48,000. ఆస్తులు చూస్తే కారు 11,000, 401-కె 9,000, బ్యాంకులో 1,800, సామాను 1,200, తన బంగారం 6,000, మొత్తం 29,000. అంటే 19,000 మునిగి ఉన్నాడు, మాఫీ అయింది 8,400 మాత్రమే, కాబట్టి మొత్తం తప్పించుకోవచ్చు. ఇప్పుడు తన పేరు మీద శివార్లలో 14,000 డాలర్ల ప్లాటు ఒకటి ఉందని గుర్తొచ్చింది అనుకోండి, ఆస్తులు 43,000 అవుతాయి, మునిగింది 5,000 మాత్రమే, 8,400 లో 5,000 తప్పి 3,400 ఆదాయం అవుతుంది. ఒక్క ప్లాటుతో లెక్క ఎంత మారిందో చూశారుగా. ఎడ్యుకేషన్ లోను మర్చిపోయి ఉంటే మాత్రం అప్పులు 33,000, ఆస్తులు 43,000, అసలు ఇన్‌సాల్వెంట్ కాడు, 8,400 కీ ట్యాక్స్ పడేది.

ఫామ్ 982 నింపడం

సొంత కార్డు కేసుకి ఇది చూడ్డానికి భయంగా ఉంటది గానీ నింపాల్సింది కొన్ని గళ్లే. 1బి లో టిక్, అది ఇన్‌సాల్వెన్సీ. దివాలా కోర్టు ద్వారా అయితే 1ఎ, అప్పుడు ఇన్‌సాల్వెన్సీ లెక్కే అక్కర్లేదు. 2వ లైన్‌లో తప్పించే మొత్తం, మన ఉదాహరణలో ప్లాటు ఉన్నతనికి 5,000. మిగిలిన 3,400 ఫామ్ 1040 షెడ్యూల్ 1 లో 8సి లైన్‌లోకి వెళ్తుంది.

ఊరికే వదిలేయరు, తప్పించిన మొత్తానికి బదులుగా కొన్ని భవిష్యత్ లాభాలు తగ్గిస్తారు, అదే ఫామ్ రెండో భాగం. షేర్లలో నష్టపోయి ఏటా కొంచెం కొంచెం ముందుకి తీసుకెళ్తున్న నష్టం ఉందా, ఆప్షన్స్ ఆడినవాళ్లకి ఇది బాగా తెలుసు, ఆ నష్టం తగ్గిపోతుంది. అలాంటివేవీ లేకపోతే 10ఎ లైన్‌లో ఆస్తుల కొన్న ధరని తగ్గించాలి, కానీ మాఫీ అయ్యాక కూడా మీ అప్పులు, చేతిలో డబ్బు ప్లస్ ఆస్తుల కొన్న ధరల మొత్తం కన్నా ఎక్కువే ఉంటే అక్కడ సున్నా వస్తుంది, చాలామందికి అంతే.

ఈ ఫామ్ వేయకుండా నేను ఇన్‌సాల్వెంట్ కదా అని 1099-సి ని పక్కన పడేస్తే ఐఆర్ఎస్‌కి ఆ సంగతి తెలీదు. ఫెడరల్‌లో జరిగే ఈ ఒక్క లోపమే తర్వాత స్టేట్ దాకా పాకుతుంది.

ఆ తేదీకి మీరు ఏ స్టేట్ మనిషి

ఎర్ర సున్నా చుట్టిన తేదీ ఇప్పుడు తీయండి. అప్పు ఎక్కడ చేశారు, బ్యాంకు ఏ స్టేట్‌లో ఉంది అన్నది కాదు ప్రశ్న. షికాగోలో చదువుకునేటప్పుడు కార్డు గీకి గీకి, ఉద్యోగం వచ్చి డల్లాస్ వెళ్లి ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని స్థిరపడ్డాక సెటిల్ అయితే, ఇల్లినాయ్‌కి ఆ డబ్బు మీద హక్కు లేదు, టెక్సస్‌కి ఇన్‌కమ్ ట్యాక్సే లేదు. ఉల్టాగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో చేసిన అప్పు వర్జీనియా వెళ్లాక మాఫీ అయితే వర్జీనియా అడుగుతుంది. అదే ఏడాది మధ్యలో మారి ఉంటే రెండు స్టేట్లకి పార్ట్ ఇయర్ రిటర్న్ వేయాలి, అందులో ఈ మొత్తాన్ని తేదీ ప్రకారం ఒక స్టేట్ కాలమ్‌లోనే పెట్టాలి. సాఫ్ట్‌వేర్ కొన్నిసార్లు జీతం లాగా రోజుల లెక్కన రెండు వైపులా పంచేస్తుంది, చేత్తో సరిచేయండి.

ఇప్పుడు స్టేట్ రకం చూడండి

ఇన్‌కమ్ ట్యాక్స్ లేని స్టేట్లు: టెక్సస్, ఫ్లోరిడా, టెనెసీ, నెవాడా, వాషింగ్టన్, వయోమింగ్, సౌత్ డకోటా, అలాస్కా, న్యూ హాంప్‌షైర్. ఇక్కడున్నవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు. వాషింగ్టన్‌లో క్యాపిటల్ గెయిన్స్ మీద ట్యాక్స్ ఉందిగానీ దానికీ దీనికీ సంబంధం లేదు.

మిగతావాటిలో ఎక్కువ స్టేట్లు ఫెడరల్ రిటర్న్‌లోని ఏజీఐ అంకెని (కొన్ని తగ్గింపులు పోగా మిగిలే మొత్తం ఆదాయం) ఎత్తుకొచ్చి తమ ఫామ్ మొదటి లైన్‌లో పెట్టుకుంటాయి, న్యూయార్క్, వర్జీనియా, ఇల్లినాయ్, జార్జియా, నార్త్ కరొలినా, మిషిగన్, ఒహాయో అలాంటివే. కొలరాడో, నార్త్ డకోటా లాంటివి ఫెడరల్ ట్యాక్సబుల్ ఇన్‌కమ్ నుంచి మొదలుపెడతాయి. రెండింటికీ ఫలితం ఒకటే, ఫెడరల్‌లో 982 తో తప్పించింది అక్కడా తప్పుతుంది, 8సి లైన్‌లో రాసింది అక్కడికీ వస్తుంది. విడిగా చేయాల్సింది ఏమీ లేదు. మన 3,400 మీద ఇల్లినాయ్‌లో 4.95 శాతం చొప్పున 168 డాలర్ల పైచిలుకు, వర్జీనియాలో పై స్లాబు 5.75 శాతం పడితే 195 పైచిలుకు. 982 వేయకుండా 8,400 మొత్తం రాసేసి ఉంటే ఇల్లినాయ్ ఒక్కటే 415 డాలర్లు తీసుకునేది. న్యూయార్క్ సిటీలో ఉండేవాళ్లకి సిటీ ట్యాక్స్, మేరీల్యాండ్‌లో కౌంటీ ట్యాక్స్ కూడా ఇదే ఆదాయం మీద లెక్క కడతారు, అది కలుపుకుని చూస్కోండి.

కాలిఫోర్నియా తన సొంత పద్ధతిలో ఫెడరల్ చట్టాన్ని పాటిస్తుంది, కొన్నింటికి ఒప్పుకుంటుంది కొన్నింటికి ఒప్పుకోదు. ఇంటి లోను మాఫీకి ఇచ్చిన ఫెడరల్ మినహాయింపుని 2013 తర్వాత ఇవ్వడం మానేసింది, అది చదివి చాలామంది కార్డు మాఫీకి కూడా మినహాయింపు లేదని భయపడతారు. ఇన్‌సాల్వెన్సీ, దివాలా రెండింటినీ కాలిఫోర్నియా ఒప్పుకుంటుంది. స్టేట్ రిటర్న్‌తో పాటు ఫెడరల్ రిటర్న్ కాపీ, 982 తో సహా జత చేయండి, ఫెడరల్‌లో మామూలు షెడ్యూల్ ఎ, బి కాకుండా వేరే ఫామ్‌లు వేస్తే వాళ్లు అడుగుతారు.

ఇలాగే స్టూడెంట్ లోను మాఫీ మీద ఏ స్టేట్ ట్యాక్స్ వేస్తుంది అని తిరిగే లిస్టులు కూడా కార్డుల విషయానికి పనికిరావు, ఆ రూల్ వేరు ఈ రూల్ వేరు.

ఇక పెన్సిల్వేనియా, న్యూజెర్సీ. మనవాళ్లు దండిగా ఉన్న స్టేట్లు కాబట్టి కొంచెం ఆగి చెప్తా. ఈ రెండూ ఫెడరల్ ఏజీఐని పట్టించుకోవు, ఏయే రకం ఆదాయం మీద ట్యాక్స్ వేస్తామో చట్టంలో వరసగా రాసి పెట్టుకున్నాయి. పెన్సిల్వేనియాలో అలాంటివి ఎనిమిది రకాలు: జీతం, వడ్డీ, డివిడెండ్లు, వ్యాపార లాభం, ఆస్తి అమ్మిన లాభం, అద్దెలు రాయల్టీలు, ఎస్టేట్ ట్రస్టు ఆదాయం, జూదం లాటరీ గెలుపు. సొంత ఖర్చులకి వాడిన కార్డు అప్పు మాఫీ ఇందులో దేనిలోనూ ఇమడదు. ఫెడరల్‌లో మీరు ఇన్‌సాల్వెంట్ కాకపోయినా, 8,400 కీ ఐఆర్ఎస్‌కి ట్యాక్స్ కట్టినా, పీఏ-40 (అక్కడి స్టేట్ రిటర్న్) లో దాన్ని రాయక్కర్లేదు, 3.07 శాతం తప్పినట్టే. న్యూజెర్సీ లిస్టులో కూడా సొంత కార్డు మాఫీ అనే రకం లేదు, ఎడిసన్‌లోనో జెర్సీ సిటీలోనో ఉన్నవాళ్లకి ఇది మంచి వార్త. కానీ రెండు చోట్లా మెలిక ఒకటే, వ్యాపారానికి వాడిన అప్పు అయితే వ్యాపార లాభం కింద, మీ కంపెనీ మీకిచ్చిన అప్పు వదిలేస్తే జీతం కింద వచ్చి పడుతుంది. సాఫ్ట్‌వేర్ తనంతట తాను స్టేట్‌లోకి తెచ్చిందా అని ఫైల్ చేసే ముందు పేజీలు తిప్పి చూడండి, ఇతర ఆదాయం అనే లైన్‌లో ఈ అంకె కనిపిస్తే ఎక్కడినుంచి వచ్చిందో వెతికి తీసేయండి.

అలబామా, ఆర్కన్సా, మిసిసిపీ కూడా ఫెడరల్ ఏజీఐతో కాకుండా సొంత లెక్కతో మొదలుపెట్టేవే, అక్కడున్నవాళ్లు ఆ స్టేట్ ఇన్‌స్ట్రక్షన్ పుస్తకంలో అప్పు మాఫీ గురించి ఏం రాశారో చదవండి.

ఇంకా సెటిల్ చేయనివాళ్లు

మీరే అదృష్టవంతులు, తేదీ మీ చేతిలో ఉంది. వాయిదాల్లో కట్టే సెటిల్‌మెంట్ అయితే సాధారణంగా చివరి వాయిదా కట్టాకే మిగతాది మాఫీ అవుతుంది, ఆ నెల ఎప్పుడు పడుతుందో చూస్కోండి. కొత్త ఉద్యోగం వచ్చి వేరే స్టేట్‌కి ఎలాగూ మారుతున్నారంటే మారాక సెటిల్ చేయడమా ముందే చేయడమా అన్నది లెక్క వేస్కోవచ్చు, మారడం అంటే లీజు, డ్రైవింగ్ లైసెన్సు, ఉద్యోగం అన్నీ నిజంగా మారాలి, టెక్సస్‌లో ఫ్రెండ్ అడ్రస్ ఇస్తే అయిపోదు. రెండు మూడు కార్డులుంటే వరస కూడా ముఖ్యం, మొదటి మాఫీతో అప్పు తగ్గుతుంది కాబట్టి రెండో కార్డు సమయానికి మీరు మునిగి ఉన్నది తక్కువ కనిపిస్తుంది, ఒక్కో తేదీకి ఒక్కో వర్క్‌షీట్ విడిగా వేయాలి. సెటిల్‌మెంట్ కంపెనీలు ఎంత తగ్గిస్తామో గొప్పగా చెప్తాయి, ట్యాక్స్ మాట ఎత్తవు, పైగా మీ అప్పు ఒక్కటైనా సెటిల్ చేయకముందే ఫీజు అడిగితే అక్కడే ఫోన్ పెట్టేయండి, ఫోన్‌లో అమ్మే కంపెనీలు అలా ముందే తీసుకోకూడదని 2010 నుంచి ఎఫ్‌టీసీ (వినియోగదారుల మోసాల్ని చూసే ఫెడరల్ సంస్థ) రూల్ ఉంది. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో సబ్సిడీతో హెల్త్ ఇన్సూరెన్స్ తీసుకున్నవాళ్లకి ఈ ఆదాయం కలిస్తే సబ్సిడీ కొంత వెనక్కి కట్టాల్సి రావొచ్చు, అదీ ముందే చూస్కోండి.

ఫైల్ చేసేసి నోటీసు వచ్చినవాళ్లు

ఐఆర్ఎస్ నుంచి సీపీ2000 అనే ఉత్తరం వస్తుంది, మీ రిటర్న్‌లో 1099-సి లేదు, ఇంత కట్టండి అని. అందులో ఇచ్చిన గడువు లోపల, ఒప్పుకోను అని టిక్ పెట్టి, వర్క్‌షీట్, నింపిన 982, బ్యాంకు స్టేట్‌మెంట్లు జత చేసి పంపండి. చూడకుండా సరే అని సంతకం పెట్టి కట్టేస్తే అక్కడితో ఆగదు, ఐఆర్ఎస్ ఆ మార్పుని మీ స్టేట్‌కి పంపుతుంది, కొన్ని నెలల తర్వాత స్టేట్ నుంచి వడ్డీతో సహా ఇంకో బిల్లు వస్తుంది.

ఫెడరల్‌లో అంకె మారడం ఖాయమైతే స్టేట్‌కి మీరే ముందు చెప్పాలి. న్యూయార్క్‌కి 90 రోజులు, ఇల్లినాయ్‌కి 120 రోజులు, కాలిఫోర్నియాకి ఆరు నెలలు గడువు. పెన్సిల్వేనియా, న్యూజెర్సీ వాళ్లకి ఫెడరల్ మార్పు ఉత్తరం చూసి స్టేట్ బిల్లు వస్తే కంగారుపడి కట్టేయకండి, అది సొంత కార్డు అప్పు, ఇక్కడి లిస్టులో లేని ఆదాయం అని కార్డు స్టేట్‌మెంట్లు చూపించి జవాబు రాయండి. స్టేట్ బాకీని చిన్న మొత్తమే కదా అని వదిలేసేవాళ్లు గ్రీన్ కార్డు తర్వాత సిటిజన్‌షిప్‌కి వేసే ఎన్-400 ఫామ్ ఒకసారి తెరిచి చూడండి, ఫెడరల్, స్టేట్, లోకల్ ట్యాక్స్ బాకీలు ఏమైనా ఉన్నాయా అని అందులో అడుగుతారు. సెటిల్‌మెంట్ లెటర్, 1099-సి, ఆ తేదీ నాటి అన్ని ఖాతాల స్టేట్‌మెంట్లు, ప్లాటు ధర ఎలా వేశారో రాసుకున్న కాగితం, ఆ రోజు రూపాయి రేటు, ఇవన్నీ ఒక పీడీఎఫ్ చేసి కనీసం ఏడేళ్లు ఉంచండి, కాలిఫోర్నియా రిటర్న్‌ని తిరగదోడడానికి ఐఆర్ఎస్‌కున్న మూడేళ్లు కాకుండా నాలుగేళ్లు టైమ్ ఉంటుంది.